జీపు ఎక్కనన్న మనిషి

శ్రావణ మాసం, రెండో మంగళవారం, పొద్దున ఎనిమిదీ ఇరవై. ఆమెను నేను మొదటిసారి చూసింది అప్పుడు. ప్రొద్దుటూరికీ జమ్మలమడుగుకూ నడుమ ఉండే ఆ ఊరి బడిలో లెక్కల టీచరుగా చేరి నాకు పదకొండు రోజులైంది. అద్దె గదికి తాళం వేస్తున్నాను. ఎదురుగా పెద్ద గేటు తెరుచుకుని జీపొకటి బయటికి వచ్చి ఆగింది. వెనక ఐదుగురు మగవాళ్లు కిక్కిరిసి కూర్చున్నారు. డ్రైవరు పక్క సీటు మాత్రం ఖాళీ. ఆమె గడప దిగి వచ్చింది. కొంగుతో సీటు తుడుచుకుంది. ఎక్కి కూర్చుని ఎడమ చేయి బయటికి పెట్టి కమ్మీ పట్టుకుంది. ఆ చేతికి మోచేతి దాకా ఎర్ర గాజులున్నాయి.

వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఇంగ కొంచెం బయటికి పెట్టు. మలుపు కాడికే కనపడాల."

చేయి ఇంకాస్త బయటికి వచ్చింది. జీపు ప్రొద్దుటూరు వైపు పోయింది.

ఆమె పోయిన నెల చనిపోయింది. దినానికి నేను జమ్మలమడుగు నుంచి బస్సులో పోయాను. షామియానా కింద నా వెనక ఇద్దరు ముసలివాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"ఈమే గదా, ఆ పొద్దు జీపు ఎక్కనన్న్యది."

"ఈమే. ఎక్కింటే ఆయప్ప ఇంగా ముప్పై ఏండ్లు బతుకుతాండె."

"మొగుడు ఎంత బతిమాలినా రానన్న్యదంట. ఆడదానికి అంత గుండె యాడనుంచి వచ్చిందో."

తిడుతున్నారో మెచ్చుకుంటున్నారో వాళ్లకే తెలియనట్టుంది. ఆమె కొడుకు పక్కనే నిలబడి విస్తళ్లు వేయిస్తున్నాడు. ఆ మాటలు అతని చెవిన పడ్డాయి. ఇంకో విస్తరి వేయించాడు. ఆ మాట నిజం కాదని అతనికి తెలుసు, నాకూ తెలుసు, కలమల్లలో ఉండే ఇంకో మనిషికీ తెలుసు. తేదీ గానీ అంకె గానీ ఎక్కడైనా తప్పు పోతే నేను దిద్దకుండా ఉండలేను. ఇది అంకె కాదు. అయినా తప్పు తప్పే. అందుకని రాస్తున్నాను.

ఆ ఊళ్లో రెండు వర్గాలు ఉండేవి. ఎన్నికలు వస్తే ఒకరు ఒక జెండా పట్టుకునేవారు, రెండోవారు రెండో జెండా పట్టుకునేవారు. మరుసటి ఎన్నికలకు జెండాలు అటూ ఇటూ అయినా పగ మాత్రం ఎవరిది వారి దగ్గరే ఉండేది. దారి కాచేవాళ్లకు మాత్రం ఒక కట్టుబాటు ఉండేది. బండిలో ఆడమనిషి ఉంటే ఆ బండి మీద చేయి ఎత్తరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఇరువైపులవాళ్లూ దాన్ని పాటించారు. అందుకే కోర్టు వాయిదా ఉన్న రోజునా, పులివెందులలో బంధువుల ఇళ్లకు పోవాల్సిన రోజునా ఆమె ముందు సీటులో ఉండేది. భర్త వెనక, ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చునేవాడు. మా బడి పిల్లలు ఆమెను వాయిదాలమ్మ అనేవారు. ఎవరూ నవ్వేవారు కాదు. ట్రాక్టరును ట్రాక్టరన్నట్టే అది కూడా.

ఆ ఇల్లంటే ఊరికి భయం. ఆమెకు మాత్రం ఎవరూ భయపడేవారు కాదు. పొడుగాటి మనిషి. నడిచేటప్పుడు తల ఒక పక్కకు వంచి, ఎవరో పిలుస్తారేమో అన్నట్టు వింటూ నడిచేది. ఎడమ చెవి వినిపించదని, అదీ పెళ్లయ్యాకే పోయిందని నాకు ఏడాదికి గానీ తెలియలేదు. కొడుకు నా దగ్గర మొదట అంకెలు, తర్వాత ఎక్కాలు నేర్చుకునేవాడు. వాణ్ణి పిలుచుకుపోయే నెపంతో సాయంత్రం వచ్చి నా గది గడప మీద కూర్చునేది. కొంగులో చెనిక్కాయలు ఉండేవి. ఒలిచి గింజలు నా ముందు కుప్ప పెట్టేది, తను తినేది కాదు.

"తిను టీచరమ్మా. నువ్వు ఒట్టి అంకెలు తిని బతుకుతాండావు."

ఒకరోజు కొడుకును ఎత్తుకోబోయి ఆగిపోయింది. వీపు పట్టుకుంది. రవిక అంచు దగ్గర కమిలి నల్లబడిన చోటు కనిపించింది.

"ఏమైంది?"

"రోడ్డు బాగలేదు. జీపు కుదుపుకు."

ఆ సమాధానం నాలుగేళ్లు విన్నాను. నడుముకు, భుజానికి, తొడకు, అన్నిటికీ అదే. నేను నమ్మానని ఆమె అనుకోలేదు, నమ్మాలని కూడా అడగలేదు. ఐదో ఏడు ఎన్నికలకు ముందు ఆ రోడ్డుకు తారు వేశారు. ఆ నెలలోనే ఆమె మళ్లీ వీపు పట్టుకుని గడప మీద కూర్చుంది.

"రోడ్డు ఇప్పుడు బాగుంది కదా" అన్నాను.

"మా ఆయప్పకు పాత రోడ్డే గుర్తుండాది" అంది.

తన కాపురం గురించి ఆమె నాతో అన్న మొదటి మాట అది. అంటూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గాజుల మస్తాన్ తాత ప్రొద్దుటూరు నుంచి నెలకొకసారి పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. ఒకసారి నా గది ముందే ఆమెకు గాజులు వేశాడు. ఎడమ చేయి చూసి, మోచేతి దాకా ఒక్కటీ విరగలేదని దాన్ని వదిలేశాడు. కుడి చేయి పట్టుకున్నాడు. దానికి ఒక్క గాజు మిగిలింది.

"ఏందమ్మా ఇది, నెలనెలా ఈ చెయ్యే బోడి అయితాది. ఆ చెయ్యి చూస్తే రాతి బొమ్మ చెయ్యి మాదిరి ఉంటాది. ఇది యాడ గుద్దుకుంటాది, అది యాడ దాంకుంటాది?"

"ఆ చెయ్యి ఆయప్పది తాతా. ఈ చెయ్యి నాది" అంది ఆమె.

తాత సబ్బు నీళ్లు రాసి కుడి చేతికి నాలుగు గాజులు ఎక్కించాడు.

తర్వాత నేనే గమనించాను. కనిపించే చోట ఆయన కొట్టడు. మొహం జోలికి పోడు. ఎడమ చేతి జోలికి అసలే పోడు. ముందు సీటులో కూర్చోవలసిన మనిషి చూపులకు నిండుగా ఉండాలి. జీపుకు డీజిలు పోసినట్టే, టైర్లలో గాలి చూసినట్టే ఆ చేతిని జాగ్రత్తగా చూసుకున్నాడు.

ఒక పంద్రాగస్టుకు ఆయనే మా బడికి ముఖ్య అతిథి. జెండా ఎగరేసి మైకు పట్టుకున్నాడు. మంచి గొంతు. బెదిరించేవాడిలా ఉండడు, మృదువుగా మాట్లాడతాడు.

"మన సీమ గురించి బయటోళ్లు ఏమేమో అంటారు. అననీ. మాకు పగలుండాయి, లేవని చెప్పను. అయితే ఎంత పగ ఉన్న్యా ఆడోళ్ల మీద చెయ్యేసేది మా రక్తంలో లేదు. ఇది మేము చదువుకోని నేర్చుకున్న్యది కాదు, మా అమ్మలు నేర్పించిన్యది."

అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు కొట్టారు, హెడ్మాస్టరు లేచి నిలబడి కొట్టాడు. ఆడవాళ్ల చాప మీద ముందు వరసలో ఆమె ఉంది. ఆమె కూడా కొట్టింది. గాజుల చప్పుడు ఒక వైపు నుంచే వచ్చింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నేను మిషను వాళ్ల పిల్లను. మా తాతల కాలంలో దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్న ఇల్లు మాది. జమ్మలమడుగు పోయినప్పుడు మా చర్చి పాస్టరు అయ్యగారిని అడిగాను, ఒక మాట చెప్పి చూడగలరా అని. ఆయన మంచివాడే. "ఆ ఇంటి సంగతి మనకెందుకమ్మా. మన సంఘంలోనే ఎన్ని ఉన్నాయో నీకు తెలియదు. భార్య లోబడి ఉండాలి, భర్త ప్రేమించాలి. మొదటిది మన చేతిలో ఉంది, రెండోది దేవుడి చేతిలో" అన్నాడు. అదే మాట వచ్చి ఆమెకు చెప్పాను. దాచలేదు.

ఆమె చెనిక్కాయ ఒలుస్తూ ఆగింది.

"మా పూజారి గూడా మొన్న అదే అన్న్యాడు. పదహారు శుక్రవారాలు దీపం పెట్టమన్న్యాడు, ఆయప్ప కోపం తగ్గేదానికి. మీ దేవుడు, మా దేవుడు ఇద్దరూ కూడబలుక్కున్న్యట్లుండారే."

"మీ పుట్టింటికి పో" అన్నాను.

"పోయినా. రెండుతూర్లు. మాది పెండ్లిమర్రి పక్కన. మా యన్న ఆ సాయంత్రమే బండి కట్టించినాడు. 'నిన్ను ఇంట్లో పెట్టుకుంటే బావ పగోడైతాడు మేయ్, మనకు ఆయన మనుషులు కావాల' అన్న్యాడు. మా యమ్మ మాత్రం దోవలో తినమని బొరుగులు మూటగట్టిచ్చింది."

రెండోసారి పోయినప్పుడు ఆమెకు ఐదో నెల. తిరిగి వచ్చిన వారానికి ఆ కడుపు పోయింది. దానికీ జీపు కుదుపే కారణమని ఊరంతా అనుకుంది.

ఇక ఆ రోజు సంగతి. మాఘ మాసం, శుక్రవారం, పొద్దున ఎనిమిదిన్నర. ఆ ఇంట్లో పనిచేసే లక్ష్మక్క పెరటి దారిన వచ్చి నా తలుపు కొట్టింది. "అమ్మ పలకల్యాకుంది, నువ్వొకసారి రా" అంది. పోయాను.

ఆమె లోపలి గదిలో చాప మీద ఉంది. ఒక కన్ను మూసుకుపోయింది. కింది దవడ పక్కకు జరిగి నోరు మూతపడడం లేదు. లక్ష్మక్క గుడ్డ తడిపి అద్దుతుంటే అది ఎర్రగా మారుతోంది. ఎందుకు కొట్టాడని నేను అడగలేదు. ఆ ఇంట్లో ఎందుకు అనేది ఎప్పుడూ చిన్న సంగతే. ఈసారి చోటు తప్పింది, అంతే. ఆ మొహం బయటికి చూపించేది కాదు. ఆ రోజు వాయిదా.

ముసుగు వేసి కూర్చోబెట్టడానికి లేదు. ముసుగులో మగవాళ్లను కూర్చోబెట్టి పోయినవాళ్లు అంతకు ముందే ఉన్నారు కనుక మొహం కనిపించనిదే అవతలివాళ్లు నమ్మరు. పనిమనిషిని కూర్చోబెడితే, పనిదాని కొంగు చాటున వచ్చాడని కోర్టు దగ్గర నవ్వుతారు. వాయిదాకు పోకపోతే వారంటు. ఇవన్నీ ఆయన అప్పటికే ఆలోచించుకున్నట్టున్నాడు. నేను గదిలోంచి వసారాలోకి వచ్చేసరికి స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. తలస్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, వాచీ పెట్టుకున్నాడు.

"టీచరమ్మా, ఈ పొద్దు ప్రొద్దుటూరిలో పని ఏమన్నా ఉండాదా నీకు?"

"లేదు."

"ఉంటే రా. జీపులో దింపి మల్లా జీపులోనే తెచ్చి ఇడుస్తా."

"బడి ఉంది."

"హెడ్మాస్టరుకు నేను చెప్తా. ఒగపూటే గదా. ముందు సీట్లో గాలి బాగొస్తాది."

గొంతులో బెదిరింపు లేదు. పంద్రాగస్టు గొంతే. నా చేతుల వైపు చూశాడు. నాకు రెండు చేతులకూ ఒక్కొక్క గాజే.

"నీకు గాజులు తక్కువ. ఆమెవి ఇప్పిస్తా, ఏసుకో. లక్ష్మీ, ఆ ఎడమ చేతివి తియ్యి."

లోపల లక్ష్మక్క కదల్లేదు. వాకిట్లో జీపు ఇంజను ఆడుతోంది. ఆ ఊళ్లో ఆయన మాటకు కాదని చెప్పిన మగవాణ్ణి కూడా నేను చూడలేదు.

"నేను రాను" అన్నాను.

"రావా."

"రాను."

ఆయన నన్ను చూశాడు. తర్వాత వాచీ చూసుకున్నాడు. నన్ను పక్కకు తప్పుకోమన్నట్టు చేయి ఊపి మెట్లు దిగాడు. డ్రైవరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మ యాడన్నా?"

"మీ అమ్మ రానంటాంది. ఎంత చెప్పినా ఇనల్యా. పోనీ."

మొహం పగలగొట్టాను అని చెప్పలేడు కదా. ఆ మాటలు నేను వసారాలో నిలబడి విన్నాను. ఆయన వెనక కూర్చున్నాడు. ముందు సీటు ఖాళీగా పోయింది.

మూడో తరగతికి భాగహారం చెప్తున్నాను. తొమ్మిది దాటి పది నిమిషాలు. మలుపు దగ్గర మోరీ వైపు నుంచి రెండు చప్పుళ్లు వచ్చాయి. ఆయన కొడుకు ముందు బెంచీలో ఉన్నాడు. పలక మీద బలపం ఆగింది. వాడు నా వైపు చూశాడు. నేను బోర్డు వైపు తిరిగి లెక్క పూర్తి చేశాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు.

ఆయనా, ఇంకొకతనూ అక్కడే పోయారు. డ్రైవరు కాలు పోగొట్టుకుని బతికాడు. ఆసుపత్రిలో పోలీసులకూ బంధువులకూ అదే చెప్పాడు, "అమ్మ రానన్న్యది." నేను ఎక్కి ఉంటే ఆయన ఆ రోజు బతికేవాడు. ఆ లెక్క ఒక్కసారి వేసుకున్నాను. మళ్లీ వేయలేదు.

ఆమె మొహం అందరూ చూశారు. చూసి ఏమనుకున్నారో చెప్తే నమ్మబుద్ధి కాదు. శవం ఇంటికి వచ్చేసరికి ఆడవాళ్లందరూ మొహాలు బాదుకుని ఏడుస్తున్నారు. ఆ గోలలో ఆమెను బయటికి తెచ్చి కూర్చోబెట్టారు. అత్త అందరికీ వినబడేలా అంది, "పోనన్న్య పాపానికి చూడండి, ఎట్ల బాదుకుందో మొగం." ఊరు నమ్మింది. దవడ జరిగేటట్టు ఎవరైనా తమను తాము కొట్టుకోగలరా అని ఒక్కరూ అడగలేదు. పదో రోజు ఎడమ చేతి గాజులు పగలగొట్టారు. ఆయన అన్నేళ్లు కాపాడిన గాజులు.

మూడు నెలలకు ఆమె నా గడప మీదికి వచ్చి కూర్చుంది. మాట ముద్దగా వచ్చేది. కొడుకును ఆయన తమ్ముడు పులివెందులకు తీసుకుపోయాడు. "మొగుణ్ణి సావుకు పంపిచ్చినదాని దగ్గర బిడ్డ ఉంటే ఎట్ల" అన్నాడట. పోయేటప్పుడు పిల్లవాడు తల్లిని ఒక్కటే అడిగాడు, "ఎందుకు పోలేదుమా?"

"నేను చెప్తాను" అన్నాను. "మీ మరిదికీ, నీ కొడుక్కీ, పోలీసులకూ. నేను చూసింది చూసినట్టు చెప్తాను."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

మంచి చెవి నా వైపు తిప్పి కూర్చుంది.

"ఆ పొద్దు నువ్వు రానన్న్యావు గదా. లోపల పండుకోని ఇన్న్యా. రెండుతూర్లు అన్న్యావు. పద్నాలుగేండ్లలో ఆ మాట నేను ఒక్కతూరి అనల్యా. నాకు నోట్లోకే రాల్యా. ఇప్పుడు ఊరంతా నేనన్న్యానంటాండారు. తిట్టనీ. తిట్టేటప్పుడు గూడా, ఇది రానన్న్యది, అంటాండారు. నిజం చెప్తే ఏమైతాది? దెబ్బలు తిని లేయల్యాక పడింటి, అని తెలుస్తాది. అంతే గదా. ఆ మాట నాకియ్యి టీచరమ్మా. నీకు బడి ఉండాది, లెక్కలుండాయి. నాకు అదొక్కటి."

ఇచ్చాను. ఇంకేం చేయగలను.

ఆ తర్వాత పదహారేళ్లు ఆమె ఆ మాటతో బతికింది. కొడుకు పండగలకు వచ్చినా తల్లితో మాట్లాడేవాడు కాదు. నేను రిటైరై జమ్మలమడుగు వచ్చేశాను. అప్పుడప్పుడు బస్సులో నా దగ్గరికి వచ్చేది. డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉన్నా చిట్టచివర, కుదుపుకు ఎత్తేసే సీటుకు పోయి కూర్చునేది. "ఈడ నన్ను ఎవురూ సూడరు" అనేది.

కాలం మారింది. బాంబులు తగ్గాయి, కాంట్రాక్టులు వచ్చాయి. కొడుకు ఊరికి తిరిగి వచ్చి, ఇల్లు బాగు చేయించి, కారు కొన్నాడు. కలమల్లలో కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతని కూతుర్ని చేసుకున్నాడు. బిడ్డ పుట్టింది.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆమె మా అరుగు మీద కూర్చుని ఉంది. చెనిక్కాయలు తేలేదు.

"ఆ మాట నీకు తిరిగిచ్చేస్తా. వచ్చి మావోనికి చెప్పు" అంది.

"ఏమైంది?"

"కొడతాండాడు. వాళ్ల నాయన మాదిరి గూడా గాదు. ఆయప్పకు ముందు సీట్లో మనిషి కావాల, మొగం ఇడ్చిపెట్టినాడు. వీనికి ఎవురూ అక్కర్లేదు. యాడ పడితే ఆడ కొడతాండాడు. నేను అడ్డం పోతే ఏమంటాడో తెల్సా? నువ్వు మా నాయన్ను సంపినదానివి, నోరు తెరవొద్దు, అంటాడు. ఆ మాట మీద వాడు నిలబడుకోనుండాడు. దాన్ని తియ్యల్ల."

"తీస్తే నీ మాట పోతుంది."

"పోనీ. ఆ పిల్లకు నోట్లో పండ్లన్న్యా మిగులుతాయి."

అదే రోజు మూడు గంటల బస్సుకు పోయాం. కొడుకు వసారాలో ఫోనులో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. ఎక్కాలు నేర్పిన టీచరును కదా.

"రా టీచరమ్మా, కూచ్చో. కాపీ తాగుతావా?"

"తాగను. ఒక సంగతి చెప్పి పోతాను."

చెప్పాను. వారం, వేళ, మొహం ఏ పక్క ఎట్లా ఉంది, ఆయన నన్ను ఏమడిగాడు, నేనేమన్నాను, డ్రైవరుతో ఆయన ఏమన్నాడు. ఆ స్తంభం అక్కడే ఉంది, దాన్ని చూపించి చెప్పాను. అయిపోయాక అతను తల్లి వైపు తిరిగాడు.

"నిజమా?"

ఆమె నోరు తెరిచి, వేలు పెట్టి కింది పెదవి లాగి, పళ్లు లేని చోటు చూపించింది.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పల్యా?"

"నువ్వు అడిగింటే గదా. పోనన్న్యదానివి అన్న్యావు. ఎందుకు పోల్యాకపోయినావని నీ ఎనిమిదో ఏట ఒకతూరి అడిగినావు. మల్లా అడగల్యా."

అతని మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు.

"టీచరమ్మా, పోయినోని పేరు చెడగొడతాండావు. ఈ మాట గేటు దాటకూడదు. నీ వయసు చూసి చెప్తాండా."

వాకిట్లో చప్పుడైంది. కలమల్ల పిల్ల పెరటి పక్క నుంచి తిరిగి వచ్చి గేటు దగ్గర నిలబడింది. చంకలో బిడ్డ, చేతిలో సంచి. పై పెదవి చిట్లి ఉంది. లోపలి గదిలోంచి అంతా విన్నట్టుంది. సరిగ్గా, ఒకప్పుడు అత్త పడుకుని విన్న గదిలోంచే.

"యాడికి?" అన్నాడు అతను. "లోపలికి రా."

"నేను రాను."

"ఏందీ?"

"రాను. ఇంగొకతూరి అడిగినా రాను."

అతను మెట్టు దిగాడు. ఆమె, పొడుగాటి మనిషి, కొడుకుకూ కోడలికీ నడుమకు నడిచి నిలబడింది. నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది. అతను ఆ నోటి వైపు చూసి ఆగిపోయాడు. ఎంతసేపు నిలబడ్డామో నేను వాచీ చూసుకోలేదు. తర్వాత అతను వెనక్కి తిరిగి లోపలికి పోయాడు, తలుపు మూసుకున్నాడు.

బస్సులో డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉంది. ఆమె ముందు ఎక్కి కొంగుతో దాన్ని తుడిచింది. కోడలిని కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

"ఈడ కూచ్చో. గాలొస్తాది. చేతులు లోపలే పెట్టుకో" అని చెప్పి దిగిపోయింది. ఆ పిల్లను నేను కలమల్లలో వాళ్ల నాయన క్వార్టరుకు చేర్చాను.

కొడుకు మారాడని నేను రాయను. పెద్దమనుషులను వెంటబెట్టుకుని రెండుసార్లు కలమల్లకు పోయాడు. ఆ పిల్ల రెండుసార్లూ అదే మాట చెప్పింది. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో బిల్లులు రాస్తోంది. అతను మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తల్లితో మాటలు మానేశాడు, ఈసారి చచ్చేదాకా. ఆమె అదే ఇంట్లో వండి మూతపెట్టేది, అతను తర్వాత వచ్చి తినేవాడు. లక్ష్మక్క నోరు విప్పకుండానే పోయింది. ఊరికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే దినం రోజున కూడా ఆ ముసలివాళ్లు పాత మాటే అనుకున్నారు.

ఆమె పోగొట్టుకున్నవి ఇవి. ఎడమ చెవి. ఐదో నెలలో ఒక కడుపు. కింది దవడ పళ్లు, మూడు. కొడుకు, రెండుసార్లు. మనవరాలు, పండగలకు తప్ప. తనది కాని మాట ఒకటి, తానే ఇచ్చేసింది. భర్త. ఆయన్ని పోయినవాటిలో వేయాలా అని ఒకసారి అడిగాను. "వెయ్యి, పోయినాడు గదా" అంది, వేశాను. ఎడమ చేతి గాజులు, రెండు డజన్లు, ఒకే రోజున. కుడి చేతివి ఎన్నో నాకు తెలియదు.